తెరిపి ఇచ్చాక

2021లో కార్తీక పౌర్ణమి నవంబరు 19న వచ్చింది. ఆ తెల్లవారుజామునే బంగాళాఖాతంలోని వాయుగుండం పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. పేరు పెట్టేంత తుఫాను కూడా కాదది. నేల మీదికి రాగానే బలహీనపడింది. కానీ అది మోసుకొచ్చిన వాన అప్పటికే శేషాచలం కొండల మీదా, కడప జిల్లా వంకల మీదా కురిసింది. ఆ ఉదయమే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళను ముంచేసింది. చెయ్యేరు వెళ్ళి పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల జలాశయంలోకి వస్తుంది. 78 టీఎంసీలు పట్టే ఆ జలాశయం కూడా ఆ వరదను ఆపలేక, 5 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదలవలసి వచ్చింది. అంటే సెకనుకు దాదాపు కోటీ నలభై లక్షల లీటర్లు. 20, 21 తేదీల్లో నెల్లూరు, పడుగుపాడుల మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారీ కోతకు గురైంది. చెన్నై, విజయవాడల మధ్య రైళ్ళు ఆగిపోయాయి.

వాయుగుండం వెళ్ళిపోయింది 19న. నెల్లూరుకు అసలు దెబ్బ తగిలింది ఆ తరవాత.

ఈ వరస పొరపాటున జరిగింది కాదు. గాలివాన తన శక్తిని నాలుగు చోట్ల దాచి వెళుతుంది: గాలిలో, కెరటంలో, ఇసుకలో, ఏటి నీళ్ళలో. ఒక్కొక్కటి ఆ శక్తిని వదిలిపెట్టే వేళ వేరు. ఆకాశం మాత్రం అన్నిటికంటే ముందు తేటపడుతుంది. మనం చూసేదీ, నమ్మేదీ దాన్నే. నెల్లూరు తీరంలో తుఫాను తరవాతి రెండు మూడు రోజుల గురించి ఈ అధ్యాయం.

మంచుకొండల్లో ఇదే లెక్క

తుఫాను తరవాతి ముప్పును లోతుగా చదివినవాళ్ళు సముద్ర శాస్త్రజ్ఞులే కాదు, హిమపాతాల మీద పనిచేసేవాళ్ళూ. కశ్మీరులోని గుల్మార్గ్‌లో అఫర్వాత్ కొండ వాలు మీద 2023 ఫిబ్రవరి 1న మంచు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. స్కీయింగ్ చేసేవాళ్ళకు పెద్ద మంచుతుఫాను తరవాత వచ్చే తేటరోజు పండుగ. నీలాకాశం, ఎవరూ తొక్కని కొత్త మంచు. హిమపాతం ముప్పు ఎక్కువగా ఉండేదీ ఆ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే.

కారణం గాలి. నేల మీది వదులు మంచును ఎగరేయడానికి గంటకు 25, 30 కిలోమీటర్ల గాలి చాలు. కొండకు గాలి తగిలే వైపు నుంచి మంచును ఎత్తి మరుగు వైపు పోస్తుంది. మామూలుగా కురిసే మంచుకంటే ఎన్నోరెట్లు వేగంగా అక్కడ బరువు పేరుకుంటుంది. ఆ మంచు రేణువులు నలిగి, ఒకదానికొకటి అతుక్కుని గట్టి పలకలా తయారవుతాయి. దాని కింద అంతకుముందు వారాల్లో ఏర్పడిన పాత పొర ఒకటి ఉండవచ్చు. పంచదార పలుకుల్లా ఒకదాన్నొకటి పట్టుకోని మంచు అది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఆ పలక ఆగి ఉందంటే, ఇంకా ఎవరూ కాలు పెట్టలేదు కాబట్టే. ఒక మనిషి బరువు పడితే ఆ పొర విరిగి, పలకంతా జారుతుంది. హిమపాతంలో చిక్కుకునే స్కీయర్లలో అత్యధికుల విషయంలో దాన్ని కదిలించింది వాళ్ళో, వాళ్ళతో ఉన్నవాళ్ళో.

ఐరోపాలో 1993 నుంచి హిమపాతం ముప్పును ఒకటి నుంచి అయిదు వరకు అంకెలతో చెబుతున్నారు. మరణాలు ఎక్కువగా జరిగేది అయిదో అంకె రోజున కాదు, మూడో అంకె రోజున. అయిదు అంటే అందరూ ఇళ్ళలోనే ఉంటారు. మూడు అంటే ‘కొంచెం జాగ్రత్తగా వెళ్ళొద్దాం’ అనుకుంటారు. మన తీరానికి ఈ సంగతే పనికొస్తుంది. తుఫాను ఉధృతంగా ఉన్నప్పుడు మైపాడు తీరంలో ఎవరూ నీళ్ళలో దిగరు, జువ్వలదిన్నె నుంచి ఎవరూ వేటకు వెళ్ళరు. ముప్పు సగానికి తగ్గి, మనుషుల రాకపోకలు మళ్ళీ మొదలయ్యే ఆ నడిమి వేళే ప్రమాదకరం.

గాలి రెండోసారి

ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుఫాను తూర్పు నుంచి వచ్చి తీరం దాటుతోందనుకుందాం. కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్ళకు గాలి సముద్రం మీద నుంచి వీస్తుంది, నీళ్ళను ఒడ్డుకు తోస్తుంది. ఉప్పెన భయం అటే. దక్షిణాన ఉన్న ఊళ్ళకు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. సరిగ్గా కేంద్రం మీదుగా పోయే ఊరికి మాత్రం రెండు గాలులు: ముందు ఉత్తరం నుంచి, తరవాత దక్షిణం నుంచి. మధ్యలో తుఫాను కన్ను. అది పైన ఉన్నంతసేపూ గాలి దాదాపు ఆగిపోతుంది, ఒక్కోసారి చుక్కలూ కనిపిస్తాయి.

1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన తుఫాను ఒకటి నాలుగో తేదీన అక్కడి సన్నటి భూభాగాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చింది. సింధుశాఖలో ఉండగానే సీక్రెస్ట్ అనే చమురు తవ్వకపు ఓడను ముంచి 91 మంది ప్రాణాలు తీసింది. ఎనిమిదో తేదీ రాత్రి కావలి దగ్గర మన తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలి. అలాంటి రాత్రి కన్ను పైకి వచ్చిన ఊళ్ళో గాలి ఆగితే, కప్పు చూసుకుందామనో, గొడ్లను విప్పుదామనో బయటికి రావాలనిపిస్తుంది. రెండో గాలి మెల్లగా మొదలవదు. కన్ను అంచు దాటగానే పూర్తి బలంతో, ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. మొదటి గాలికి ఒక వైపు ఒరిగిన చెట్టు, స్తంభం, గోడ రెండో గాలికి పడిపోతాయి. అందుకే ఒక్కసారిగా నిశ్శబ్దమైతే బయటికి రావద్దని హెచ్చరికల్లో ప్రత్యేకంగా చెబుతారు.

కన్ను తగలని ఊళ్ళకు వేరే లెక్క ఉంది. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. కాబట్టి మర్నాటి 50 కిలోమీటర్ల గాలి, రాత్రి వీచిన 100 కిలోమీటర్ల గాలిలో నాలుగో వంతే. కానీ రాత్రి నిలబడిన నేల వేరు, మర్నాటి నేల వేరు. మన తీరంలో గాలిని అడ్డుకోవడానికి పెంచిన సరుగుడు తోటలు ఇసుకలో నిలబడి ఉంటాయి. వాన నీరు నిండిన ఇసుకకు వేరును పట్టి ఉంచే బలం తగ్గుతుంది. రాత్రంతా ఊగి వేళ్ళు వదులైన చెట్టుకు ఆ నాలుగో వంతు గాలి సరిపోతుంది. కొమ్మలు నరకడానికీ, తీగలు సరిచేయడానికీ జనం రోడ్డు మీదికి వచ్చేదీ ఆ మర్నాడే.

ఒడ్డున చదును, లోపల కల్లోలం

2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుఫాను నెల్లూరు దగ్గర తీరం దాటలేదు. చెన్నై, నెల్లూరు తీరాలకు దగ్గరగా, వాటికి సమాంతరంగా ఉత్తరానికి జరిగి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. అలా తుఫాను ఉత్తరానికి జరిగే కొద్దీ దాని వెనక మిగిలిన తీరం మీద గాలి నేల వైపు నుంచి, పడమర నుంచి వీయడం మొదలవుతుంది.

పడమటి గాలి ఒడ్డు దగ్గర నీటిని చదును చేస్తుంది. ఎందుకంటే గాలి కెరటాన్ని పెంచాలంటే దానికి నీటి మీద పరుగెత్తడానికి దూరం కావాలి. ఒడ్డు నుంచి వీచే గాలికి మొదటి కిలోమీటరులో ఆ దూరం లేదు. పైగా ఒడ్డుకు వస్తున్న కెరటాలకు ఎదురు వీచి వాటి నెత్తిన నురుగు విరగకుండా చూస్తుంది. ఇసుక మీద నిలబడి చూసేవాడికి సముద్రం సద్దుమణిగినట్టు కనిపిస్తుంది. నాలుగైదు కిలోమీటర్లు లోపలికి పోతే అదే గాలి కొత్త కెరటాలు లేపుతూ ఉంటుంది, వాటికి అడ్డంగా పాత తుఫాను కెరటాలు వేరే దిక్కు నుంచి వస్తూ ఉంటాయి. రెండు వరసలు కలిసిన చోట నీరు కుప్పలుగా లేస్తుంది. ఏ వైపు ముక్కు పెట్టాలో పడవకు తెలియదు. ఇంజను ఆగిపోతే గాలి పడవను ఇంటి వైపు తోయదు, ఇంకా లోపలికి తోస్తుంది. తుఫాను ముందర తూర్పు గాలిలో ఇంజను చెడిన పడవ ఏదో ఒక ఒడ్డుకు కొట్టుకొస్తుంది. తుఫాను వెనక పడమటి గాలిలో ఆ ఆశా లేదు.

దూరం నుంచి వచ్చే కెరటం

తుఫాను కింద పుట్టే కెరటాలన్నీ ఒకే వేగంతో పోవు. రెండు కెరటాల మధ్య వ్యవధి ఎంత ఎక్కువైతే అవి అంత వేగంగా ప్రయాణిస్తాయి. ఆరు సెకన్లకొకటి వచ్చే కెరటాల శక్తి లోతు సముద్రంలో గంటకు సుమారు 17 కిలోమీటర్లు పోతుంది. పన్నెండు సెకన్ల కెరటాల శక్తి 34 కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలో, అండమాన్ వైపు ఒక తుఫాను ఉంటే దాని పెద్ద కెరటాలు ఒకటింపావు రోజులో మన ఒడ్డుకు వస్తాయి, చిన్నవి రెండున్నర రోజులకు వస్తాయి. ఆ తుఫాను ఒడిశా వైపో, మియన్మార్ వైపో తిరిగిపోయి ఉండవచ్చు. నెల్లూరులో ఒక్క చినుకు పడి ఉండకపోవచ్చు. కెరటం మాత్రం బయలుదేరిన దారిన వస్తుంది.

పన్నెండు సెకన్ల కెరటం పొడవు 220 మీటర్లకు పైనే. అంత పొడవు మీద రెండు మీటర్ల ఎత్తు అంటే కంటికి ఆనదు. నడి సముద్రంలో పడవ దాని మీద మెల్లగా ఎక్కి దిగుతుంది. అడుగు తగిలే లోతుకు వచ్చాక కథ మారుతుంది. కింద నెమ్మదించి, పైకి లేచి, ఒడ్డు దగ్గర విరుగుతుంది. కెరటంలోని శక్తి ఎత్తు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఒక మీటరు కెరటంకంటే రెండు మీటర్ల కెరటంలో నాలుగు రెట్లు శక్తి ఉంటుంది. ఇంకో చిక్కు: పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి. గుంపుకూ గుంపుకూ మధ్య కొన్ని నిమిషాలు చిన్న కెరటాలే ఉంటాయి. అయిదు నిమిషాలు నిలబడి చూసి ‘బాగానే ఉంది’ అనుకుని దిగినవాణ్ణి ఆరో నిమిషపు గుంపు పట్టుకుంటుంది.

ఇసుక కింద మారిపోయిన పటం

మంచుకొండలో కంటికి కనిపించని బలహీన పొర ఎలాంటిదో, మన తీరంలో నీటి కింద ఇసుక అలాంటిది. తుఫాను కెరటాలు ఒడ్డును కోసి ఆ ఇసుకను లోపలికి తీసుకుపోయి, ఒడ్డుకు కొంత దూరంలో మేటలుగా వేస్తాయి. పదిరోజుల కిందట మోకాటిలోతు ఉన్న చోట ఇప్పుడు నిలువులోతు గుంట ఉండవచ్చు. నెలలు గడిచాక చిన్న కెరటాలు ఆ ఇసుకను మళ్ళీ ఒడ్డుకు చేరుస్తాయి. ఈలోగా తీరం మనకు తెలిసిన తీరం కాదు.

మేట మీదుగా విరిగిన కెరటాలు నీళ్ళను ఒడ్డు వైపుకు పోస్తూనే ఉంటాయి. ఆ నీరు తిరిగి వెళ్ళాలి. మేటలో ఎక్కడ సందు ఉంటే అక్కడికి రెండు వైపుల నుంచీ పారి, ఆ సందులోంచి సముద్రంలోకి దూసుకుపోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. చాలావాటి వేగం సెకనుకు అర మీటరు లోపే. కెరటాలు బలంగా ఉన్నప్పుడు రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. ఆ లెక్కన ఒక్క నిమిషంలో మనిషిని 120 మీటర్లు లోపలికి లాగేస్తుంది. సెకనుకు రెండు మీటర్ల వేగానికి ఎదురీదడం ఒలింపిక్ ఈతగాళ్ళకే కష్టం.

దీనిలోని మోసం దాని రూపంలో ఉంది. రిప్ పారే సందులో లోతెక్కువ కాబట్టి కెరటాలు అక్కడ విరగవు. రెండు పక్కలా తెల్లటి నురుగు, మధ్యలో మాత్రం నురుగు లేని నీటి దారి. ఈత రానివాళ్ళు, పిల్లలను వెంటబెట్టుకున్న పెద్దలు వెతుక్కుని దిగేది అక్కడే. కాస్త ఆగి చూస్తే తేడా తెలుస్తుంది: ఆ దారిలో నీటి రంగు ముదురుగానో, ఇసుక కలిసి మట్టిరంగుగానో ఉంటుంది, నురుగు, చెత్త ఒడ్డుకు రాకుండా లోపలికి పోతుంటాయి.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. రిప్ కిందికి లాగదు, దూరంగా లాగుతుంది. తేలుతూ ఊపిరి నిలుపుకుని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే పది ఇరవై మీటర్లలో దాని వెడల్పు దాటవచ్చు. అప్పుడు కెరటాలే ఒడ్డు వైపు తోస్తాయి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వట్టి చేతులతో వెనకే దూకకూడదు. తాడు, ఖాళీ డబ్బా, ట్యూబు, ఏది తేలితే అది విసరాలి.

కార్తీకమాసం తుఫానుల కాలంలోనే వస్తుంది. సముద్రస్నానానికి నెల్లూరు నుంచి మైపాడుకూ, కావలి వైపు నుంచి రామాయపట్నానికీ జనం తరలివచ్చే పౌర్ణమి నాడు పోటు, పాటు కూడా మామూలుకంటే బలంగా ఉంటాయి. మన తీరంలో ఆ తేడా సుమారు ఒక మీటరే అయినా, పాటు వేళ నీటిమట్టం తగ్గి పారుదల అంతా సందుల్లోకే మళ్ళుతుంది కాబట్టి రిప్‌లు మరింత చురుకుగా ఉంటాయి. స్నానానికి పోటు, పాటు వేళలు కూడా చూసుకోవడం ఆచారానికి అడ్డేమీ కాదు.

మొగ దగ్గర

పెన్న ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉత్తరానా దక్షిణానా ఇంకా ఎన్నో వాగుల మొగలు, కృష్ణపట్నం వాగు, తూపిలిపాళెం దగ్గర పులికాట్ ముఖద్వారం. వేట పడవలకు ఇల్లు చేరే దారులు చాలావరకు ఇవే. తుఫాను తరవాత అన్నిటికంటే చెడ్డ చోట్లూ ఇవే. లోపలి నుంచి వరద నీరు సముద్రంలోకి తోస్తుంటే, బయటి నుంచి తుఫాను కెరటాలు ఎదురొస్తాయి. ఎదురు ప్రవాహం తగిలిన కెరటం పొడవు తగ్గి, ఎత్తు పెరిగి, నిట్రంగా లేస్తుంది. బయట ఒకటిన్నర మీటరు ఉన్న కెరటం మొగలో గోడలా విరగవచ్చు. దానికి తోడు ఇసుక మేట జాగా మారి ఉంటుంది. పోయిన నెల గుర్తుపెట్టుకున్న దారి ఈ నెల లేదు. పోటు వేళ నీరు లోపలికి వచ్చేటప్పుడు దాటడం పాటు వేళ దాటడంకంటే మేలు. రెండూ కుదరకపోతే బయటే ఆగడం మేలు.

వరద నీటి సంగతీ ఒక మాట. బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఉన్న ఊళ్ళ చుట్టూ నిలిచిన నీరు తుఫాను పోయాక మొగలు వెతుక్కుంటూ కదులుతుంది. కదిలే నీటికి అరడుగు లోతుంటే నిలబడ్డ మనిషిని పడేయగలదు. రెండడుగులుంటే చాలా వాహనాలను కదిలించగలదు. రొయ్యల గుంటల గట్లు, మునిగిన కల్వర్టులు ఆ నీటి కింద ఎలా ఉన్నాయో పైకి తెలియదు.

నాలుగో మెట్టు

వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలు నాలుగు మెట్లలో ఇస్తుంది. మూడు రోజుల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి, ఒక రోజు ముందు ఒకటి. వీటి గురించి టీవీల్లో గంటలకొద్దీ చెబుతారు. నాలుగోది తుఫాను తీరం దాటడానికి సుమారు పన్నెండు గంటల ముందు వెలువడుతుంది. తీరం దాటిన తరవాత తుఫాను ఎటు పోతుంది, లోపలి జిల్లాల్లో ఎంత వాన, ఎంత గాలి అనేదే అందులోని విషయం. దాన్ని వినిపించుకునేవాళ్ళు తక్కువ, ఎందుకంటే ‘తీరం దాటింది’ అన్న మాటతో వార్త ముగిసిపోతుంది. సముద్రానికి వేరే లెక్క ఉంది కాబట్టి, 1999లో హైదరాబాదులో స్థాపించిన ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, వ్యవధి, దిక్కు ముందుగా లెక్కగట్టి తీరానికి పంపుతుంది. ఎత్తు ఒక్కటే చూడడం చాలదు. ఒకటిన్నర మీటరు ఎత్తు, ఆరు సెకన్ల వ్యవధి ఉన్న రోజూ, అదే ఎత్తు, పద్నాలుగు సెకన్ల వ్యవధి ఉన్న రోజూ ఒకటి కావు. రెండోది ఒడ్డున చాలా పెద్దదవుతుంది.

సమాచారం ఉన్నా మనుషులు ఎందుకు బయలుదేరతారన్నది వేరే ప్రశ్న. వేటకు పోని రోజున ఇంటికి రాబడి లేదు. హెచ్చరికతో ముందు రెండు రోజులు, తుఫాను ఒక రోజు, తరవాత ఇంకో రెండు రోజులు అంటే వారం గడిచినట్టే. అప్పుతో కొన్న ఇంజనుకు వాయిదా ఆగదు. పక్క పడవ వెళ్ళిందంటే వీళ్ళకూ ఆగబుద్ధి కాదు. మంచుకొండల్లో హిమపాతం మరణాలను పరిశీలించినవాళ్ళకు కనిపించిన కారణాల్లోనూ ఇవే ఉన్నాయి: చాలా రోజులు ఎదురుచూశాం, అలవాటైన చోటే, మనకంటే ముందు ఎవరో వెళ్ళారు. ముందు వెళ్ళినవాడు క్షేమంగా తిరిగి రావడం ఆ దారి క్షేమమని రుజువు చేయదు. అదే వాలు మీద పదిమంది జారిపోయాక పదకొండోవాడి కింద పలక విరిగిన సందర్భాలున్నాయి.

కాబట్టి తుఫాను పోయిందా అన్న ఒక్క ప్రశ్న పనికిరాదు. దాన్ని నాలుగుగా విడదీయాలి. గాలి ఏ దిక్కు నుంచి ఉంది, ఇంకా తిరుగుతోందా? కెరటాల వ్యవధి ఎంత? మన ఒడ్డున, మన మొగలో ఇసుక ఎక్కడికి జరిగిందో ఎవరైనా పాటు వేళ నడిచి చూశారా? సోమశిల నుంచి ఎంత నీరు వదులుతున్నారు, అది ఇక్కడికి ఎప్పుడు చేరుతుంది? ఈ నాలుగింటిలో మూడింటికి జవాబు ఇవాళ ఫోనులో దొరుకుతుంది. మూడోదానికి మాత్రం ఆ ఊరివాళ్ళ కళ్ళూ కాళ్ళే సాధనం. ప్రతి పాళెంలో ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు తుఫాను మర్నాడు ఒడ్డు చూసి వచ్చి, ఎక్కడ కోసుకుపోయిందో, మేటలో ఎక్కడ సందు పడిందో, మొగ ఎటు జరిగిందో చెప్పి కర్రలు పాతిస్తే, ఏ ఉపగ్రహమూ ఇవ్వలేని ఆ జవాబు ఊరందరికీ అందుతుంది. తుఫాను సన్నాహాల జాబితాలో బియ్యం, కిరోసిన్, టార్పాలిన్‌ల పక్కన ఈ పని కూడా చేరాలి. ఆ రెండు రోజుల వేట నష్టాన్ని తుఫాను నష్టంలో భాగంగానే లెక్కగట్టాలి.